చర్మం తెలిపే తొలి హెచ్చరిక

సూరత్ నగరంలోని పాండేసర పారిశ్రామికవాడ అద్దకపు మిల్లులకు ప్రసిద్ధి. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్ కార్మికులతో పాటు తెలంగాణ జిల్లాల నేత కుటుంబాలవారు కూడా ఈ నగరంలో జీవనోపాధి పొందుతున్నారు. రంగులు, రసాయనాలు, ఆవిరి వేడిమి మధ్య పనిచేసేవారికి దురద, దద్దుర్లు సాధారణం. అందుచేతనే మరొక వ్యాధి సూచనలు వీటి చాటున మరుగుపడే ప్రమాదం ఉన్నది.

హెచ్.ఐ.వి. సోకినవారిలో అధిక సంఖ్యాకులకు ఏదో ఒక దశలో చర్మ సంబంధమైన బాధలో, నోటిలోని బాధలో కలుగుతాయి. ఈ వైరస్ రోగనిరోధక శక్తికి ఆధారమైన సి.డి.4 కణాలను క్షీణింపజేస్తుంది. సాధారణంగా ఘన మిల్లీమీటరు రక్తంలో 500కు పైగా ఉండే ఈ కణాలు 200కు దిగువకు పడిపోయినపుడు అనేక అంటువ్యాధులు విజృంభిస్తాయి.

నాలుకపై పెరుగు తరకల వలె ఏర్పడి, తుడిస్తే ఊడివచ్చే తెల్లపూతకు కారణం కాండిడా అనే శిలీంధ్రం. నాలుక పక్కల ఏర్పడి, తుడిచినా పోని తెల్లమచ్చకు కారణం వేరొక వైరస్. శరీరానికి ఒకే పక్కన మంటతో లేచే పొక్కులు సర్పి. దీనినే అక్కి అని కూడా అంటారు. వృద్ధులలో తరచుగా వచ్చే ఈ వ్యాధి యువకులలో కనిపించినపుడు ఎర్రమట్టి పూసి ఊరుకొనక, రక్తపరీక్ష చేయించుకోవడం వివేకం. కాళ్ళు చేతులపై నెలల తరబడి మానని దురద గుల్లల విషయమూ అంతే.

అయితే ఈ లక్షణాలలో ఏదీ తనంతట తాను హెచ్.ఐ.వి.కి రుజువు కాదు. మధుమేహ రోగులకూ నోటిలో తెల్లపూత రావచ్చు. నిర్ణయించవలసినది రక్తపరీక్షయే.

మన దేశంలో ఉచిత ఏ.ఆర్.టి. చికిత్స 2004 ఏప్రిల్ 1న ప్రారంభమైనది. 2017 నుండి సి.డి.4 సంఖ్యతో నిమిత్తం లేకుండా వ్యాధి సోకిన ప్రతివారికీ ఈ చికిత్స అందజేయాలన్నది ప్రభుత్వ విధానం. నిరోధకశక్తి పుంజుకొనే తొలి నెలలలో కొందరికి చర్మ బాధలు తాత్కాలికంగా అధికం కావచ్చు. అంతమాత్రాన మందులను స్వయంగా మానివేయరాదు. జ్వరంతో కూడిన పొక్కులు, నోటిపుండ్లు వస్తే మాత్రం ఆ రోజే వైద్యుని సంప్రదించవలెను. స్వగ్రామానికి తిరిగి వెళ్ళే కార్మికుడు తన చికిత్సను అక్కడి ఏ.ఆర్.టి. కేంద్రానికి బదిలీ చేయించుకొనవచ్చును.

తోటివారి బాధ్యత కూడా తక్కువ కాదు. ఒకే గదిలో నివసించినందువల్ల, ఒకే కంచంలో భుజించినందువల్ల హెచ్.ఐ.వి. సోకదు. ఈ కారణంగా ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని 2017 నాటి చట్టం నిషేధించినది. భయం తొలగినచోటనే రోగి సకాలంలో వైద్యుని చేరగలడు.