మే నెలలో నీళ్లు పోసేదెవరు?

నాటు మొక్కల అమ్మకం పెట్టాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది, ఆ రోజు సాయానికి ఎంతమంది కావాలని. ఆ రోజుకు మనుషులు దొరుకుతారు. షామియానా కింద నిలబడి మొక్క చేతికిచ్చి ఫొటో దిగడానికి నంద్యాలలో ఎవరూ వెనకాడరు. మే నెలలో, 45 డిగ్రీల ఎండ కాసే రోజుల్లో, పొద్దున్నే బిందె పట్టేవాళ్లు ఉన్నారా అన్నది తేల్చుకున్నాకే గింజలు ఏరండి.

వేప, నేరేడు గింజలు దాచిపెడితే పాడవుతాయి. పండ్లు రాలిన కొద్ది రోజుల్లోనే గుజ్జు కడిగి సంచుల్లో వేయాలి. ఈ వానల్లో వేసినవి గట్టిపడి అమ్మకానికి వచ్చేది మళ్లీ వానలకే, అంటే నడుమ ఒక ఎండాకాలం గట్టెక్కించాలి. రేలకు తొందర లేదు. తోలు గట్టిది కాబట్టి గింజను గరుకు రాయి మీద రుద్ది నానబెట్టాలి. గింజలను చేల గట్ల మీద, కేసీ కాలువ పక్కన, గుడి ఆవరణల్లో అడిగి ఏరుకోండి. నల్లమల అభయారణ్యంలోకి మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా సంచి పట్టుకుని పోవద్దు, కేసవుతుంది.

సంచులు నింపడానికి కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు బాగా పనికొస్తారు. రెండేళ్లలో 240 గంటల సేవ చూపాలి కాబట్టి వాళ్లకూ అది అవసరమే. కానీ మార్చి వస్తే పరీక్షలు, ఆ తర్వాత సొంతూళ్లు. మొక్క దాహంతో ఉన్నప్పుడు హాస్టళ్లు ఖాళీ. అందుకే మొక్కలన్నీ ఒకే చోట పెట్టొద్దంటాను. నంద్యాలలో రిటైరైన మాస్టారి పెరట్లో ముప్పై, ఆళ్లగడ్డలో పొదుపు సంఘం అక్కల ఇళ్ల దగ్గర తలా ఇరవై, ఇలా పంచండి. ఒకరు ఊరెళ్తే పోసే పక్కింటివాళ్ల పేరు కూడా ముందే రాసుకోండి. అందరికీ కలిపి పెట్టిన వాట్సాప్ గ్రూపులో ‘ఎవరైనా నీళ్లు పోయండి’ అంటే ఎవరూ పోయరు.

తేదీ విషయంలో చాలామంది జనాన్ని చూసి మోసపోతారు. మహానందిలో శివరాత్రికి, అహోబిలంలో ఫాల్గుణ బ్రహ్మోత్సవాలకు జనం పోటెత్తుతారు, నిజమే. అప్పుడు కొన్న మొక్క నేరుగా ఎండలోకి పోతుంది. నేల బాగా తడిశాక, జూలై చివరో ఆగస్టులోనో ఒక ఆదివారం చాలు.

ధర పెట్టండి, పది రూపాయలైనా సరే. ఉచితంగా ఇస్తే పట్టుకెళ్లే చేతులు ఎక్కువ, గుంట తవ్వే చేతులు తక్కువ. డబ్బు దగ్గర ఇద్దరు కూర్చోవాలి, ఫోన్‌పే స్కానర్ ఒక్కరి సొంత ఖాతాది కాకపోతే మంచిది. చిల్లర ముందు రోజే తెచ్చుకోండి.

అన్నిటికంటే నోరున్న మనిషిని మొక్కల దగ్గర నిలబెట్టండి. కొనేవాళ్లది నల్లరేగడా, ఎర్రనేలా, పైన కరెంటు తీగలున్నాయా అని అడగాలి. నీళ్లు నిలిచే చోటికి కానుగ, కాలువ గట్టుకు తెల్లమద్ది ఇవ్వవచ్చు. ఎర్రచందనానికి రాతి నేల, నీరు ఇంకిపోయే చోటు కావాలి, రేగడిలో పెట్టి తిట్టుకోవద్దని చెప్పాలి. సొంత పొలంలో పెంచినా నరకడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి కావాలన్న మాట కూడా డబ్బు తీసుకోకముందే చెప్పాలి. కడియం నుంచి లారీలో దిగే పూల మొక్కలతో అందంలో మీరు పోటీ పడలేరు. మీ దగ్గరున్నది ఈ ఊరి ఎండను ఒకసారి చూసిన మొక్క. అది చెప్పుకోండి.

మిగిలిన వాటిని ఆ సాయంత్రమే పెంచిన ఇళ్లకు పంపి, పెద్ద సంచుల్లోకి మార్పించండి. వచ్చే ఏడు వాటికి రెట్టింపు ధర అడగొచ్చు.