నల్లగొర్రెకు కత్తెర పెట్టేటప్పుడు

బిడ్డా, సాగర్ డ్యాం నుంచి 1967ల కాల్వలకు నీళ్లు వదిలిర్రు. ఆ ఎడమ కాల్వ కింద మన నిడమనూరు చుట్టుపక్కల బీళ్లు మెల్లమెల్లగ వరి మళ్లయినయి, మేపుకు జాగ తగ్గింది. ఇప్పుడు మందలల్ల ఎక్కువ నెల్లూరు జాతే. దాని ఒంటి మీద ఉండేది వెంట్రుకే, కత్తెర పని లేదు. నీ మందల మిగిలిన దక్కనీ నల్లగొర్ల కోసమే ఈ మాటలు.

1. ఏడాదికి రెండుసార్లు తియ్యాలె. వానలు వెనకపట్టినంక ఒకసారి, మాఘం దాటి ఎండలు ముదరకముందు ఒకసారి. పెద్దగట్టు జాతర ఏడైతే లింగమంతుల స్వామి మొక్కు తీర్చుకొచ్చినంకనే మొదలుపెట్టు.

2. ముందు కడుగు, బాగ ఆరనియ్యి. తడి బొచ్చు కత్తెరకు చిక్కుతది, మూట కడితే ముక్కిపోతది. కడుపునిండ మేపి తేకు. నిండు కడుపుతోటి పండబెడితే గొర్రె ఆయాసపడతది.

3. ఎడమచేత్తోని తోలు గుంజి పట్టాలె. గొర్రె తోలు వదులు, ముడత పడ్డదంటే కత్తెర తోలునే కొరుకుతది. కత్తెరను తోలు మీద పండబెట్టి నడపాలె, మొన కిందికి గుచ్చొద్దు. మెడ నుంచి వీపు మీదికి, అక్కడి నుంచి పక్కలకు రా. ఒకసారి పోయిన చోట మళ్ల కత్తెర పెట్టకు. ఆ పొట్టి ముక్కలు వడికేటప్పుడు దారంల నిలవవు. పొదుగు కాడ చనుమొనలను అరచేతిల మూసిపట్టు. చనుమొన తెగిందా, రేపటి పిల్ల పాలు పోయినట్టే. కాళ్లు కట్టేందుకు పాతచీర పేలిక వాడు, నైలాన్ తాడు కోస్తది.

4. గాటు పడితే అప్పుడే పసుపు, వేపనూనె పెట్టు. ఈగ వాలిందంటే పురుగు పడతది. పురుగు పట్టిన గొర్రె మంద వెనకబడి, పుండునే కొరుక్కుంటది. అట్ల కనబడితే పశువుల డాక్టరు కాడికి తీస్కపో.

5. ఈనే నెల దగ్గరపడ్డ చూడి గొర్రెను ముట్టకు.

6. తీసినంక ఒళ్లంత చేత్తోని తడిమి చూడు. బొచ్చు మీద ఉన్నప్పుడు బక్క గొర్రె కూడ బలిసినట్టే కనబడతది. కత్తెర పడ్డంకనే ఎముకలు చేతికి తగులుతయి, పిడుదులు, గజ్జి, పాత పుండ్లు బయటపడతయి. బొచ్చుకు ధర లేదని ఈ పని ఎగ్గొట్టేటోళ్లను చూస్తే నాకు కడుపు మండుతది. బొచ్చు అమ్ముడుపోకున్నా గొర్రె రోగం తెలుస్తది కదా! పిడుదుల మందు ఆ పూటనే పట్టించు. నీలి నాలుక టీకా మాత్రం వానలకు ముందే పడాలె.

7. బొచ్చు పారబొయ్యకు. ఏడాదంత కలిపినా ఒక గొర్రెకు కిలో దాటది, పైగ ముతక. గొంగడికి ఆ ముతకతనమే బలం. వడికి, నేసి, చింతగింజల గంజి పట్టిస్తే బిగుసుకుంటది. వానల కప్పుకుంటే నీళ్లు జారిపోతయి, రాత్రి మంద కాడ పరుచుకుంటే నేల చలి ఎక్కది. పిల్లల మొదటి కోత మెత్తగుంటది, దాన్ని వేరే మూట కట్టు.

8. నల్ల పొట్టేలును అమ్ముకోకు. 2017ల సర్కారు 20 గొర్లు, ఒక పొట్టేలు లెక్కన ఇచ్చింది, బయటి రాష్ట్రాల నుంచి గొర్లు శానా వచ్చినయి. నెల్లూరు పిల్ల తొందరగ బరువొస్తది, కాదనను. కాని నెల్లూరు పొట్టేలు నల్లగొర్లతోటి కలిసినకొద్దీ పిల్లలకు బొచ్చు పలచబడతది. కరువుల, దూరం నడకల ఓర్చుకునేది నల్లగొర్రెనే. ఎద కాలంల నెల్లూరు పొట్టేలును వేరే దొడ్ల కట్టెయ్యి, నల్ల పొట్టేలునే వదులు.