రంజీ పోటీల తొలి సంవత్సరం

క్రికెట్టు గురించి మన విద్యార్థులు ఎంతో మాట్లాడుదురు గాని, దాని చరిత్రను తెలిసికొనువారు తక్కువ. అందుచేత 1934-35లో జరిగిన రంజీ పోటీల మొదటి సంవత్సరాన్ని గూర్చి కొంత చెప్పదలచితిమి.

అంతకు పూర్వము మన దేశమున మిక్కిలి పేరొందిన పోటీ బొంబాయి చతుర్ముఖ పోటీ. అందు హిందువులు, ముస్లిములు, పార్శీలు, యూరోపియనులు వేర్వేరు జట్లుగా ఆడేవారు. చూడవచ్చిన జనమూ అట్లే విడివడి నిలిచేది. ఆట గొప్పదే, కాని జట్టు కట్టిన పద్ధతి మాకు నచ్చదు. 1934లో సిమ్లా సమావేశమున పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ ఒక బంగారు కప్పును ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. అంతకు ముందు ఏడు మరణించిన రంజిత్ సింహ్‌జీ పేరు దానికి పెట్టిరి. ఇక్కడ ఆటగాని మతము కాదు, అతని ప్రాంతమే అతని జట్టు.

మొదటి ఆట 1934 నవంబరు 4న మద్రాసు చేపాక్ మైదానమున మద్రాసు, మైసూరు జట్ల మధ్య జరిగినది. తొలి బంతి వేసినవారు ఎం. జె. గోపాలన్. మైసూరు 48, 59 పరుగులకే కూలినది. మద్రాసు ఒకే ఇన్నింగ్సులో 130 చేసినది. లెక్క వేసి చూడండి, ఇన్నింగ్సు మీద 23 పరుగుల గెలుపు! ఆట ఒక్క దినముననే ముగిసినది. మద్రాసు పక్షమున పదకొండు వికెట్లు తీసిన ఎ. జి. రామ్ సింగ్ సిక్కు.

ఇక మనకు దగ్గరి మాట. రంజీ పోటీలలో మొట్టమొదటి శతకము హైదరాబాదువాడైన సయ్యద్ మహమ్మద్ హాదీది. ఆ సంవత్సరమే మద్రాసుపై 132 పరుగులు చేసి అజేయుడుగా నిలిచెను. ఈయన 1924 పారిస్ ఒలింపిక్సులో టెన్నిసు కూడ ఆడినవాడు. ఏడు ఆటలలో నేర్పరి గనుక ‘రెయిన్‌బో హాదీ’ అని పిలిచేవారు. (ఒక్క ఆటకే తీరిక లేదనువారు ఈ మాట గమనింతురు గాక!)

ఆ ఏడు ఫైనలులో బొంబాయి, నార్తరన్ ఇండియాను 208 పరుగులతో ఓడించినది. మతముల పేర జరిగే బొంబాయి పోటీ మాత్రము వెంటనే ఆగలేదు. 1946 వరకు సాగినది.

హైదరాబాదుకు కప్పు దక్కినది 1937-38లో. నవానగరుపై ఒకే ఒక వికెట్టుతో గెలిచిరి. నాయకుడు ఎస్. ఎం. హుస్సేన్, అజేయముగా 137 చేసి జట్టును గట్టెక్కించినవాడు పార్శీయుడైన ఎదుల్జీ ఐబారా. ఆ కప్పు రెండవసారి హైదరాబాదు చేరుటకు 1986-87 వరకు ఆగవలసివచ్చినది.