చెక్క ఊరూ పేరూ అడుగు, అమ్మలూ

విశాఖపట్నం

అమ్మలూ,

మీ ఫ్యాక్టరీ వెనక పారేసిన చెక్క ప్యాలెట్లు ఆటోలో వేసుకొచ్చి, వంటింట్లోకి నీ చేత్తో నువ్వే షెల్ఫు చేసుకుంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చేతికి మేకు గుచ్చుకుంటుందని ఆవిడ బెంగ. నా బెంగ అది కాదు. టీటీ ఇంజక్షన్ చేయించుకున్నావంటే దానికి అంతటితో సరి. ఆ చెక్క ఎక్కడిది? దాని మీద ఏం మోశారు? ఆ మాట ఆవిడ నిన్ను అడగనే లేదట.

సంబంధం కలుపుకునే ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని వాకబు చేస్తాం కదా. చెక్కకీ అంతే. అందులోనూ వంటింట్లోకి వచ్చే చెక్క.

నేను పోర్టు పనిలో చేరిన కొత్తలో, ఓడలో సరుకు కదలకుండా కింద పరిచే చెక్కని డన్నేజ్ అనేవాళ్ళం. సరుకు దిగిపోయాక ఆ ముక్కలు కలాసీల ఇళ్ళకి చేరేవి. వన్‌టౌన్ సందుల్లో మేం అద్దెకున్నచోట ఏ ఇంట చూసినా ఆ చెక్క బల్లలే. పక్కింటావిడ అలాంటి బల్ల మీద బియ్యం పోసుకునేది. కొన్నాళ్ళకి అన్నం ఏదో మందు వాసన కొట్టడం మొదలైంది. బియ్యం మార్చింది, డబ్బా మార్చింది, షావుకారుతో పోట్లాడింది. మీ అమ్మమ్మ ఊర్నించి వచ్చినప్పుడు బల్ల కింద ముక్కు పెట్టి, "దీన్ని పొయ్యిలోకి కూడా వాడకండి, బయట పారెయ్యండి" అంది. ఆ ముక్కే నీకూ వచ్చింది. చిన్నప్పుడు పాలు విరగబోతున్నాయని ఇంట్లో అందరికంటే ముందు నువ్వే చెప్పేదానివి. ఇప్పుడూ ఆ ముక్కుకే పని చెప్పు.

ముందు సీలు వెతుకు. దేశాలు దాటే ప్యాకింగ్ చెక్కతో పురుగులు కూడా దాటుతున్నాయని 2002లో ఒక అంతర్జాతీయ ప్రమాణం పెట్టారు. దాని ప్రకారం చెక్క మీద గోధుమ కంకి బొమ్మ, పక్కన దేశం గుర్తు (మనది ఐఎన్), తయారీదారు నంబరు, చివర రెండు అక్షరాలు కాల్చిగానీ అచ్చు కొట్టిగానీ ఉంటాయి. హెచ్‌టి అంటే చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలేలా కాచారని. ఎంబి అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. ఆ గ్యాసు గాలికి ఎగిరిపోతుందనేవాళ్ళున్నారు. ఎగిరిపోనీ. వంటింటికి హెచ్‌టి దొరుకుతుంటే ఎంబి మనకెందుకు?

అసలు సంగతి ఇది, జాగ్రత్తగా చదువు. ఆ సీలు పురుగుల సంగతే చెబుతుంది. తర్వాత ఆ ప్యాలెట్ మీద యాసిడ్ డబ్బాలు పెట్టారా, పురుగుమందు బస్తాలు పెట్టారా అన్నది చెప్పదు. కాబట్టి జిడ్డు మరకలున్నవి, తెల్లగా పొంగినవి, వాసన వేసేవి, సీలు ఎంత బాగున్నా తీసి పక్కన పెట్టు. అనుమానం వచ్చినా పక్కన పెట్టేయడమే. సీలు అసలు లేకపోతే అది ఊళ్ళో కొట్టిన మామిడో నీలగిరో అయ్యుంటుంది. నేల మీద రెండుసార్లు గట్టిగా కొట్టు. సన్నటి పిండి రాలితే పుప్పి పట్టినట్టే. దాన్ని గుమ్మం లోపలికి రానివ్వకు.

ప్యాలెట్లు చాలకపోతే పాత ఇల్లు పడగొట్టిన చోట టేకు తలుపులు కొనాలనిపిస్తుంది నీకు, నాకు తెలుసు. టేకు మంచిదే, రంగుతోనే తంటా. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగులో ఎంతుందో ఎవరికెరుక? పాత రంగుని గరుకు కాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము నీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంగు లేనిదే తెచ్చుకో. రైల్వే పాత స్లీపరు చెక్క ఇస్తామంటే చేతులెత్తి దణ్ణం పెట్టి వచ్చెయ్యి. తారు నూనె పట్టించినవి ఉంటాయి వాటిలో.

ఇంతా చెప్పి షెల్ఫు మానేయమంటున్నానని అనుకునేవు. అస్సలు కాదు. మన ఇంట్లో ఆడపిల్ల రంపం పట్టిందంటే నాకెంత గర్వమో ఎదురుగా ఉంటే చూసేదానివి. పని మాటలు క్లుప్తంగా చెబుతాను. అర అంగుళం పైచిలుకు మందమున్న పలకని రెండడుగులకి మించి ఆధారం లేకుండా వదలకు. పొడవు రెట్టింపైతే అదే బరువుకి వంగడం ఎనిమిది రెట్లవుతుంది. మేకు కొడితే చెక్క చీలుతుంది, ముందు డ్రిల్లుతో కన్నం పెట్టి స్క్రూ బిగించు. వెనకవైపు ఈ మూల నుంచి ఆ మూలకి ఐమూలగా ఒక పట్టీ వెయ్యి, లేకపోతే పప్పు డబ్బాలన్నీ పెట్టిన రోజే పక్కకి ఒరుగుతుంది. బరువైనవి కింద పెట్టు. అట్టడుగు అర నేలకి ఆరంగుళాల ఎత్తులో ఉంటే చీపురు ఆడుతుంది. పొయ్యికి దూరంగా ఉంచు. ఒక్క రోజులో అవగొట్టేయాలని రాత్రంతా మేలుకోకు, నీ కళ్ళ కింద నలుపు కిందటి దసరాకే చూశాను.

పైపూతకి మా చిన్నప్పుడు దూలాలకి జీడిపిక్కల నూనె రాసేవారు, చెదలు దరిచేరవని. అది చర్మాన్ని కాలుస్తుంది, నువ్వు ముట్టుకోకు. అవిసె నూనె పల్చగా రాసి, బాగా ఆరాకే సామాను పెట్టు. రాసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా ఆరుబయట పరిచి ఆరెయ్యి.

ఒక్క స్క్రూ బిగించకముందే సీలున్న పలకలన్నిటికీ ఫొటోలు తీసి పంపు. నాకు ఫోన్లో చిన్న అక్షరాలు కనబడవని నీకు తెలుసు, దగ్గరగా తియ్యి. మంచి స్క్రూలకని అత్తయ్య డబ్బు పంపింది, తిరిగి పంపావంటే నాకు కాదు, ఆవిడకి జవాబు చెప్పుకోవాలి.

ఆశీస్సులతో,
మీ మావయ్య