పాత చిన్న ట్రాక్టరు కొనే ముందు

కొద్దిపాటి భూమి గల రైతుకు 20 నుండి 30 అశ్వశక్తి గల పాత ట్రాక్టరు అందుబాటు ధరలో దొరికే సాధనం. అయితే బేరం కుదుర్చుకొనే ముందు యంత్రాన్నీ, పత్రాలనూ పరిశీలించడం మీ బాధ్యత.

మీరు వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలని అమ్మకందారుకు ముందే చెప్పండి. వేడెక్కిన ఇంజను స్టార్టింగు లోపాలను కప్పిపుచ్చుతుంది. ఆయిలు కొలిచే కడ్డీని తీసి చూడండి. ఆయిలు పాలు కలిసినట్లు తెల్లబారితే అందులో నీరు చేరినదని గ్రహించండి. స్టార్టు చేసిన తరువాత నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు మండుతున్నదని అర్థం. పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. కల్టివేటరును తగిలించి, పైకెత్తి, ఇంజను ఆపండి. అది వెంటనే కిందికి జారితే హైడ్రాలిక్ లిఫ్టులో లోపమున్నట్లే. గంటల మీటరు అంకెను పెడళ్ళ అరుగుదలతో పోల్చి చూడండి.

పత్రాల విషయంలో ఏమరుపాటు మరింత ప్రమాదకరం. ఇంజను, ఛాసిస్ నంబర్లను ఆర్.సి.తో సరిపోల్చండి. ఆర్.సి.లో హైపాథికేషన్ నమోదై ఉంటే, రుణదాత ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్నీ, సంతకం చేసిన ఫారం 35నూ చూసేవరకు బయానాకు మించి చెల్లించవద్దు. లేనిచో పాత యజమాని బాకీ కింద ఆ ట్రాక్టరును రుణదాత మీ ముంగిటి నుండే స్వాధీనం చేసుకొనవచ్చు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం కొనుగోలుదారు 30 రోజులలోగా యాజమాన్య బదిలీని రవాణా కార్యాలయానికి తెలియజేయాలి.

డీలర్లు ఈ పత్రాలను ముందుగానే సిద్ధపరచి చూపినచో, రైతుకూ, రుణమిచ్చే బ్యాంకుకూ నమ్మకం కుదురుతుంది.