ఆపద్ధర్మానికి హద్దు: అత్యవసర వార్తా సాధనాలు, పర్యావరణ పరిశీలన

గౌలిగూడ నుండి దక్షిణంగా కొద్ది దూరం నడిస్తే మూసీ ఒడ్డు చేరుతాము. 1908 సెప్టెంబరు 28న ఈ నదికి వచ్చిన వరదలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికి బయటపడ్డారని నగరవాసులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఈ వృత్తాంతం మనకు రెండు పాఠాలు నేర్పుతున్నది. ఆపద రానున్నదనే వార్త ముందుగా అందాలన్నది మొదటిది. ఆపద వచ్చిన నాడు చెట్టు సైతం మనిషికి రక్షకమేనన్నది రెండవది.

ఈ రెండు పాఠాలు ఒక్కొక్కప్పుడు ఒకదానికొకటి ఎదురుపడతాయి. వార్త అందించే స్తంభాన్ని నిలపడానికి చెట్టును కొట్టవలసి వస్తే ఏమి చేయాలి? అత్యవసర వార్తా సాధనాల నిర్మాణాన్ని పర్యావరణ పరిశీలన నుండి మినహాయించవచ్చునా? ఈ ప్రశ్ననే ఇక్కడ విచారింపదలచాము.

ముందుగా పదాల అర్థం తెలుసుకొందాము. అత్యవసర వార్తా సాధనాలనగా తుఫాను రాడార్లు, వైర్‌లెస్ కేంద్రాలు, టెలిఫోన్ టవర్లు, హెచ్చరిక సైరన్లు మొదలైనవి. పర్యావరణ పరిశీలన అనగా ఒక నిర్మాణం వలన నేలకు, నీటికి, అడవికి, జనజీవనానికి కలుగబోయే మార్పులను నిర్మాణానికి ముందే అంచనా వేయడం. మన దేశంలో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద 1994లో ఈ విధానానికి తొలి ప్రకటన వెలువడింది. దాని స్థానంలో 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన వచ్చింది. ముందస్తు అనుమతి అవసరమైన నిర్మాణాల పట్టిక అందులో ఉన్నది. టెలిఫోన్ టవర్లు ఆ పట్టికలో లేవు.

మినహాయింపు కోరేవారి వాదంలో బలం లేకపోలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను తలచుకొంటే అది తెలుస్తుంది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. దాదాపు 10,000 మంది మరణించారు. తీగలు తెగి, స్తంభాలు కూలి, దారులు మూసుకుపోగా అక్కడి ఘోరం బయటి లోకానికి వెంటనే తెలియలేదు. ఆ తరువాతి సంవత్సరాలలో తీరాన హెచ్చరికల వ్యవస్థ మెరుగుపడింది. తుఫాను ఆశ్రయాలు వెలిశాయి. ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు పంపే ఏర్పాటు జరిగింది. 1990 మే నెలలో అంతటి తీవ్రమైన తుఫానే కోస్తాను తాకినప్పుడు మరణాలు వేయికి లోపుగానే ఉన్నాయి. ముందుగా అందిన హెచ్చరిక, దానిని నమ్మి ప్రజలను తరలించిన యంత్రాంగం ఇందుకు ముఖ్య కారణాలు. అట్టి సాధనాన్ని కాగితాల మధ్య ఏళ్ళ తరబడి నిలిపి ఉంచడం న్యాయం కాదు.

మన చట్టాలు ఈ సంగతిని గుర్తించాయి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం పరుల భూమిలో స్తంభాలు పాతే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అయితే సాధ్యమైనంత తక్కువ నష్టం చేయాలనీ, జరిగిన నష్టానికి పూర్తి పరిహారం చెల్లించాలనీ ఆ సెక్షన్‌లోనే షరతు పెట్టింది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టానికి 1988లో జరిగిన సవరణ ప్రకారం, అడవుల సంరక్షణ నిమిత్తం నెలకొల్పే వైర్‌లెస్ ఏర్పాట్లు అడవిని ఇతర ప్రయోజనాలకు మళ్ళించడం క్రిందికి రావు. 2011 నాటి తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన అత్యంత సున్నితమైన తీరభాగాలలో కొత్త నిర్మాణాలను నిషేధిస్తూనే, తుఫానుల గమనాన్ని కనిపెట్టే వాతావరణ శాఖ రాడార్లను అనుమతించింది. ఈ మూడింటిలో ఒక సామాన్య లక్షణం ఉన్నది. ఏదీ హద్దులేని మినహాయింపు కాదు. ఒకటి నష్టానికి పరిమితి విధించింది. తక్కిన రెండూ ప్రయోజనాన్ని పేర్కొన్నాయి.

ఇక రెండవ వైపు చూద్దాము. 1999లో ఒడిశాను తాకిన మహా తుఫాను గురించి కేంద్రపరా జిల్లాలో పరిశోధన జరిపిన శాస్త్రజ్ఞులు, సముద్రానికీ గ్రామానికీ నడుమ మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే ప్రాణనష్టం అంత తక్కువగా ఉన్నదని కనుగొన్నారు. కృష్ణా ముఖద్వారాన, కోరింగలో ఉన్న మన మడ అడవులు కూడా అట్టి రక్షణ గోడలే. హెచ్చరిక స్తంభం కోసం ఆ గోడను తెగగొడితే ఒక చేత రక్షించి మరొక చేత ప్రమాదం కొనితెచ్చుకొన్నట్లవుతుంది.

అంతేగాక, వార్తా సాధనం అనే మాట చాలా విశాలమైనది. అడవి కాపలాదారు వైర్‌లెస్ స్తంభం ఒక వార్తా సాధనం. వికారాబాదు జిల్లా దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగిన నావికాదళ రేడియో కేంద్రమూ వార్తా సాధనమే. నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి ఉద్దేశించిన ఈ కేంద్రానికి సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి కేటాయించారు. మన మూసీ పుట్టిన అనంతగిరి కొండలు ఆ జిల్లాలోనివే. ఆ కేంద్రం పరిశీలన లేకుండా వచ్చినది కాదు, అటవీ చట్టం క్రింద అనుమతి పొందినదే. దేశ రక్షణకు దాని అవసరాన్ని మేము ప్రశ్నించడం లేదు. ఒకే పేరు క్రింద ఒక స్తంభమూ, వేలాది ఎకరాలూ ఇమిడిపోగలవని మాత్రమే మా మనవి. కావున మినహాయింపు పేరును బట్టి కాక పరిమాణాన్ని బట్టి ఉండాలి.

పరిశీలన అనగానే ఆటంకమని తలచడం కూడా పొరపాటు. అమెరికాలో ఎత్తైన టవర్లను ఢీకొని వలస పక్షులు చనిపోతున్నాయన్న వివాదం న్యాయస్థానానికి వెళ్ళింది. సంబంధిత సంస్థ ఆ సంగతిని సరిగా పరిశీలించలేదని 2008లో తీర్పు వచ్చింది. నిలకడగా వెలిగే దీపాలకు బదులు ఆగి ఆగి వెలిగే దీపాలు అమర్చితే పక్షుల మరణాలు గణనీయంగా తగ్గుతాయని పరిశోధనలో తేలింది. ఒక్క టవరునూ కూల్చనక్కరలేకపోయింది, దీపం మార్చితే చాలింది. అదే దేశంలో 60 రోజులకు మించని, 200 అడుగుల లోపు ఎత్తుగల తాత్కాలిక టవర్లకు ముందస్తు బహిరంగ ప్రకటన నుండి మినహాయింపు ఇచ్చారు. అవసరం ఎంతకాలమో మినహాయింపూ అంతకాలమే.

ఈ న్యాయం మన సంప్రదాయాలకు కొత్త కాదు. సాధారణ కాలంలో చేయరాని పనిని ఆపత్కాలంలో చేయడాన్ని మహాభారత శాంతిపర్వం ఆపద్ధర్మమన్నది. ఆపద తీరగానే ఆ అనుమతి కూడా తీరిపోతుంది. ఇస్లామీయ ధర్మశాస్త్రజ్ఞులు సైతం, జరూరత్ నిషిద్ధాన్ని అనుమతింపజేస్తుందనీ, ఆ అనుమతి జరూరత్ ఎంతో అంతవరకేననీ సూత్రీకరించారు. రెండు మార్గాలూ ఒకే చోట కలుసుకొన్నాయి.

ఈ విచారణ వలన మేము చేరిన నిర్ణయం ఇది. మినహాయింపు ఉండవలసిందే, కాని దానికి మూడు హద్దులు కావాలి. ప్రయోజనం ప్రాణరక్షణే కావాలి. స్థలం అవసరానికి మించరాదు. తాత్కాలికమైనది గడువు తీరగానే తొలగాలి, శాశ్వతంగా నిలిచేది ఆపద గడిచిన పిమ్మటనైనా పరిశీలనకు లోబడాలి.

విద్యార్థులు రేపు ఇంజనీర్లుగా, అధికారులుగా, న్యాయవాదులుగా ఇట్టి కాగితాల మీద సంతకాలు చేయవలసిన వారు. ఆనాడు ఒక్కసారి మూసీ ఒడ్డున ఉన్న ఆ చింతచెట్టును జ్ఞాపకం చేసుకోవలసిందిగా మా కోరిక. వరద సంగతి ముందుగా తెలిపే సాధనమూ కావాలి, తెలియని నాడు ఎక్కడానికి చెట్టూ ఉండాలి.