సంకేతపదము – దాని బలాబలములు

కొయ్యూరు పేరు వినగానే తెలుగువారికి 1924 మే 7వ తేదీ స్ఫురిస్తుంది. అల్లూరి సీతారామరాజును మంప వద్ద పట్టుకొని, కొయ్యూరుకు తెచ్చి కాల్చి చంపిన దినమది. ఆ తేదీ మనకు పూజ్యమైనదే. కాని మన విద్యార్థి ఎవరైనా బ్యాంకు ఖాతాకో, ఉపకార వేతనపు ఖాతాకో ఆ అంకెలనే పాస్‌వర్డుగా, అనగా సంకేతపదంగా, పెట్టుకొన్నచో అంతకన్న బలహీనమైనది మరొకటి ఉండదు. ఊరంతటికీ తెలిసినది రహస్యం కాజాలదు గదా! పుట్టిన తేదీ, ఫోను నంబరు – వీటి సంగతీ అంతే.

ఈ బలహీనత మన ఒక్కరిదే కాదు. అమెరికాలో మోరిస్, థాంప్సన్ అను శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన వ్యాసంలో 3,289 సంకేతపదాలను పరిశీలించగా 464 మూడక్షరాలవి, 72 రెండక్షరాలవి, 15 అయితే ఒంటి అక్షరానివి! ముప్పది యేండ్ల తరువాత, 2009లో, రాక్‌యూ అను సంస్థ నుండి మూడు కోట్లకు పైగా సంకేతపదాలు బయటపడినప్పుడు ఎక్కువమంది వాడినది 123456 అని తేలింది. యంత్రాలు మారినవి గాని మనుష్యులు మారలేదు.

దొంగ ఒక్కొక్కదానిని కూర్చుండి ఊహించడు. బాధ్యత గల సంస్థలు సంకేతపదాన్ని ఉన్నదున్నట్లు దాచక, తిరిగి విప్పరాని గణితరూపంలోనికి మార్చి దాచుతాయి. ఆ పట్టిక దొంగ చేజిక్కితే, వాని యంత్రం తన ఊహలను అదే రూపంలోనికి మార్చుచు పోల్చి చూస్తుంది. ఆరంకెల సంఖ్యలు పది లక్షలే. అవి క్షణంలో తీరిపోతాయి. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాల కూర్పులు సుమారు 20,900 కోట్లు. మరి నాలుగక్షరాలు చేర్చిన చాలు, ఆ సంఖ్య 4,56,976 రెట్లవుతుంది. కనుక బలమంతా పొడవులోనే ఉన్నది – అక్షరాలు యాదృచ్ఛికంగా ఏరుకొన్నవైతేనే సుమా!

పెద్దక్షరం, అంకె, గుర్తు తప్పక ఉండవలెననియు, తరచు మార్చవలెననియు పూర్వం అమెరికా ప్రమాణాల సంస్థ చెప్పినది. దానిని వ్రాసిన బిల్ బర్ 2017లో అందుకు విచారం వెలిబుచ్చినాడు. అదే సంవత్సరం ఆ సంస్థయు పద్ధతి మార్చి, పొడవునకు ప్రాధాన్యమిచ్చి, బయటపడిన జాడ లేనిదే ఊరక మార్పించవద్దన్నది.

సులువైన మార్గమొకటి గలదు. 7,776 పదాల పట్టిక నుండి పాచికలు వేసి ఐదు పదాలు తీసుకొన్నచో, ఏర్పడగల కూర్పులు 28 పక్కన 18 సున్నలు పెట్టినంత. రెండు భాషలు నేర్చే మన కళాశాలలో ఆ పదాలను తెలుగు, ఉర్దూ నిఘంటువుల నుండి కలిపి ఏరుకొని, ఇంగ్లీషు లిపిలో వ్రాసుకొనవచ్చును. అయితే ఏరేది చీట్లో, పాచికలో కావలెను, మనస్సు కారాదు. సినిమా పాటలు, గజళ్లు, పద్యపాదాలు పనికిరావు. అవి దొంగకును కంఠస్థమే.

మన మన్యంలో అసలు చిక్కు మరొకచోట ఉన్నది. దరఖాస్తు నింపే ఇంటర్‌నెట్ కేంద్రంలో, వచ్చినవారందరికీ ఒకే సంకేతపదం పెట్టి రశీదు మీద వ్రాసి ఇచ్చుట నేను కన్నులార చూచితిని. ఇంటికి రాగానే దానిని మార్చుకొనవలెను. ఈ-మెయిలుకు మాత్రం ప్రత్యేకమైనది ఉండవలెను. అది పోతే దాని ద్వారా తక్కినవన్నీ మార్చివేయగలరు. ఫోనుకు వచ్చే ఓటీపీని ఎవరడిగినా చెప్పరాదు. రాజు దాడికి ముందు మిరపకాయ టపా పంపేవాడని చెప్పుకొంటారు. ఈనాటి దొంగకు ఆ మర్యాద లేదు. డబ్బు పోయినదని తెలిసిన మరుక్షణమే 1930కి ఫోను చేయవలెను. ఇతరుల సంకేతపదాన్ని మోసంతో వాడినవారికి సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా గలవు.